పేరు పెట్టి పిలవాలంటే

మా ఆఫీసుకు ప్లేస్‌మెంట్ మీద వచ్చిన అమ్మాయి మొదటిరోజే నా పరువు తీసింది. ఆస్ట్రేలియాలో, ట్రుగనీనా అనే చోట మాదొక పెద్ద గోదాము. ఐస్‌క్రీములూ ఫ్రోజెన్ బఠాణీలూ లారీలకెక్కించి ఊళ్ళకు పంపుతాం. ఏ లారీ ఎప్పుడు కదలాలో చూసే పని నాది. యూనివర్సిటీలో సప్లై చెయిన్ మాస్టర్స్ చదివేవాళ్ళు ఒక సెమిస్టరు ఇలాంటి చోట పనిచేసి పాసైతేనే డిగ్రీ చేతికొస్తుంది. అలా నా కింద పనికొచ్చిన కరీంనగర్ పిల్ల, టీ గదిలో అందరూ ఉండగా "నమస్తే ఆంటీ" అంది.

ఆదివారమే జుట్టుకు రంగేసుకున్నాను. అయినా ఆంటీనే! మధ్యాహ్నానికల్లా సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు నడిపేవాళ్ళు కూడా "ఆంటీ" అనడం మొదలుపెట్టారు. ఒళ్ళు మండి ఆమెను పక్కకు పిలిచాను.

"ఇది ఆఫీసమ్మా. ఇక్కడ ఆంటీలూ అంకుల్సూ ఎవరూ ఉండరు. మేనేజర్నయినా సరే పేరు పెట్టే పిలవాలి."

"పెద్దోళ్ళను పేరు వెట్టి ఎట్ల పిలుస్త ఆంటీ? నాకు నోరే రాదు."

"రాకపోతే తెప్పించుకో."

తెప్పించుకోలేదు సరికదా, అసలు ఎవరినీ ఏమీ పిలవడమే మానేసింది. ఎవరితోనైనా పనిబడితే గోదాము ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, వాళ్ళ ఎదురుగా నిలబడేది. వాళ్ళు తలెత్తి చూసేదాకా అలా నిలబడే ఉండేది. ఒకసారి మా మేనేజరు ఫోన్లో మాట్లాడి, శాండ్‌విచ్ తిని, ఈమెయిల్ కొట్టి తలెత్తేసరికి ఎదురుగా ఈ పిల్ల కనబడింది. ఆయన ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకున్నాడు. ఇంతా చేసి యూనిలో ఈమెకు కమ్యూనికేషన్ అనే సబ్జెక్టులో అందరికంటే ఎక్కువ మార్కులట. అక్కడ ఎవరితో మాట్లాడించారో మరి, బహుశా గోడతో.

"తెలివైన పిల్లే, కానీ మనుషులతో మాట్లాడదు. ఈ వారంలో మారకపోతే నేను పాస్ చెయ్యలేను" అన్నాడు మేనేజరు నాతో. ఫెయిలైతే సెమిస్టరంతా మళ్ళీ చెయ్యాలి, ఈలోపే వీసా అయిపోతుంది. ఆ సంగతి చెప్పగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ విసుక్కున్నానేగానీ, అప్పుడు నాకూ మనసు చివుక్కుమంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కంప్యూటర్ చూస్తూ చూస్తూ గబుక్కున లేచింది. గీలాంగ్ వెళ్ళాల్సిన ఐస్‌క్రీమంతా బాలరాట్ లారీకెక్కించారు! బయట ఆ లారీ అప్పటికే కదులుతోంది. నడుస్తున్న లారీ ఎదుట వెళ్ళి నిలబడడం ఎంత మర్యాదస్తురాలికైనా కుదరదు. పరిగెత్తుతూ గొంతు చించుకుంది.

"అంకుల్! ఓ అంకుల్! బండి ఆపుండ్రి!"

లారీ డ్రైవరు ఆస్ట్రేలియా పెద్దాయన, చలికాలంలోనూ నిక్కరే వేసుకుంటాడు. సడెన్ బ్రేకు వేసి కంగారుగా కిందికి దూకాడు. తనను అంకుల్ అని పిలిచేది చెల్లెలి పిల్లలు మాత్రమేననీ, వాళ్ళకేదో అయిందనుకున్నాననీ చెప్పాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పంజాబీ ఆయన కూడా, ఇంటిదగ్గర పిల్లలందరికీ అంకులే కాబట్టి, అలవాటుకొద్దీ ఆగిపోయాడు. సరుకు దక్కింది.

మేనేజరు సంతోషించాడుగానీ పూర్తిగా మెత్తబడలేదు. "గొంతు ఉందని తెలిసింది. రేపు పొద్దున్న మీటింగు తనే నడపాలి. అందరినీ పేరు పెట్టి పిలవాలి. అప్పుడు పాస్" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమెను మా ఇల్లున్న వెర్రిబీకి నా కార్లోనే తీసుకెళ్ళాను. ఆమె ఉండేదీ అటే. దారంతా ప్రాక్టీసు. మేనేజరు పేరు అనడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం, వెంటనే ఎదురుగా ఉన్న అద్దానికి "సారీ సార్" చెప్పుకోవడం.

"పేరు చివర్ల గారు వెట్టనా ఆంటీ?"

"పెడితే ఫెయిల్."

ఇల్లు చేరేసరికి డ్రైవరు పేరు, పంజాబీ ఆయన పేరు, ఆఖరికి మేనేజరు పేరు కూడా సారీ లేకుండా వచ్చాయి. నా శిక్షణకు నేనే మురిసిపోయాను.

పొద్దున్న అందరం గుండ్రంగా నిలబడ్డాం. ఆమె మధ్యలోకొచ్చింది. ఒక్కక్షణం కళ్ళు మూసుకుని డ్రైవరును పేరు పెట్టి పిలిచింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. పంజాబీ ఆయన్ని పిలిచింది. మేనేజర్ని పిలిచి, చేతిలోని కాఫీ పక్కన పెట్టి వినమని కూడా అంది. ఆయన నావైపు తిరిగి బొటనవేలు ఎత్తి చూపించాడు. నా గుండె తేలికపడింది.

అప్పుడు ఆమె నావైపు తిరిగింది. నా పేరు, ముందూ వెనకా ఏమీ లేకుండా, ఉత్త పేరు, గోదామంతా వినబడేలా పిలిచి, "గీలాంగ్ లోడు ఎందుకు లేటవుతోంది?" అని ఇంగ్లీషులో నిలదీసింది.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా అత్తగారు కూడా నన్ను నలుగురిలో అలా పిలవలేదు. చెవులు వేడెక్కిపోయాయి. చిన్నపిల్ల, నిన్నటిదాకా నా కార్లో సీటు బెల్టు కూడా అడిగి పెట్టుకున్న పిల్ల! లేటుకు కారణం నేనేనని ఒప్పుకుని, అరగంటలో పంపిస్తానన్నాను. "థాంక్యూ" అని మళ్ళీ నా పేరు చేర్చి మరీ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొంచెం గట్టిగానే.

అమ్మాయి పాసైంది. ఆ సాయంత్రం మాత్రం వెర్రిబీకి బస్సులో పొమ్మన్నాను.