పద్మకుమారి చీర అంచు

ఈ హిందీవాళ్ల ఉక్కు ఊళ్లో, భాలుబాసాలో, మా తెలుగు వీధి ఆడవాళ్లకి నెప్పులు మొదలైతే ముందు కబురు వెళ్లేది మొగుడికి కాదు, పద్మకుమారికి. మొగుళ్లు ఆదిత్యపూర్ ఫ్యాక్టరీల్లో డ్యూటీలో ఉంటారు. ఇంట్లో ఉన్నా చేసేదేముంది, ఆసుపత్రి గేటు దగ్గర ఖైనీ నలుపుకోవడం తప్ప! పద్మ మాత్రం మిషన్ మీద కుడుతున్న జాకెట్టు అలాగే వదిలేసి ఆటో పిలిచేది. ఆమెకి హిందీ వచ్చు, గార్డుతో దెబ్బలాడే నోరుంది. ఆ నోరు లేబర్ రూము తలుపు దగ్గర మాత్రం మూతపడేది.

దానికి కారణం ఇరవై ఆరేళ్ల కిందటిది. సోంపేట నుంచి కాపరానికొచ్చిన ఏడాదికి పద్మ మొదటి కాన్పు. టేబుల్ మీద నెప్పికి తట్టుకోలేక "అమ్మా" అని అరిచింది. నర్సు తొడ మీద ఛెళ్లున కొట్టి, మొగుడి పక్కలో పడుకున్నప్పుడు లేని అరుపులు ఇప్పుడెందుకని హిందీలో అడిగింది. ఆయా కిసుక్కున నవ్వింది. పద్మకి అప్పటికి హిందీ సగమే వచ్చు. ఆ మాట మాత్రం పూర్తిగా అర్థమైంది.

నాలుగు వేళ్లు తేలిన ఆ తొడ మొగుడికి కూడా చూపించలేదు. వారం తరవాత పక్కింటి అక్కనని నాకు చెప్పింది, అదీ గోడవైపు తిరిగి. "ఎవరికైనా తెలిత్తే మనకే కదప్పా సిగ్గు" అంది. నేనూ తలూపాను.

అప్పటినుంచి పద్మ ఒక పద్ధతి పెట్టింది. పాత నేతచీర అంచు జానెడు చింపి, నాలుగు మడతలు కుట్టి, వేడినీళ్లలో ఉడికించి దాచేది. లోపలికి వెళ్లే పిల్ల చేతిలో అది పెట్టి, "నెప్పొత్తే ఇది కొరుకు. నోరిప్పకు. అరిత్తే కొడతారు" అని చెప్పేది. ఆ గుడ్డ కొరికిన వాళ్లెవరూ దెబ్బ తినలేదు. "తెలుగోళ్లు మంచోళ్లు, చప్పుడు చెయ్యరు" అని నర్సులు మెచ్చుకుంటే పద్మ ఆ మాట వీధంతా పంచిపెట్టేది. మా కోడలు కూడా ఆ గుడ్డ కొరికే కన్నది. నేను గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టుకోవాలనిపిస్తుంది.

కిందటేడు వేసవిలో మా వీధిలోనే ఉండే చంద్రశేఖర్ పెళ్లాం సౌజన్యకి నెలలు నిండాయి. టెక్కలి పక్క పిల్ల, హిందీలో మంచినీళ్లు అడగడం కూడా రాదు. పొద్దున్న తొమ్మిదింటికి పద్మ తీసుకెళ్లింది. లోపలికి తోడు మనిషిని రానివ్వరు. గుడ్డ చేతిలో పెట్టి, చెప్పేది చెప్పి, పద్మ బయట బల్ల మీద కూర్చుంది.

లోపల ఇంకో ఇద్దరు అరుస్తున్నారు, తిట్లు తింటున్నారు, దెబ్బలు తింటున్నారు. కానీ తిట్టడానికైనా డ్యూటీ నర్సు రీనా సిస్టర్ వాళ్ల మంచం దాకా వెళ్తోంది. సౌజన్య దగ్గరికి వెళ్లే పని ఆమెకి లేకపోయింది. పద్మ రెండుసార్లు తలుపు దగ్గరికెళ్లి అడిగింది. "మీ పిల్లకి ఇంకా టైముంది. చప్పుడే లేదు కదా" అని తలుపు మూసింది రీనా.

పన్నెండు దాటాక తుడవడానికొచ్చిన మనిషి కేక పెడితే అప్పుడు చూశారు. బిడ్డ ఎప్పుడో బయటికి వచ్చేసింది. మెడకి పేగు చుట్టుకుని ఉంది, ఊపిరి లేదు. సౌజన్య కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తోంది, గుడ్డ పళ్ల మధ్యే ఉంది.

"చిల్లాయీ క్యోం నహీ?" అని ఆ పిల్లనే గదిమింది రీనా. ఎందుకు అరవలేదట!

సాయంత్రం ఒక కాగితం తెచ్చారు. పేషంట్ పిలవలేదని రాసుంది. పద్మ చదివింది. అబద్ధమైతే అక్కడే చింపేసేది. పిలవలేదన్నది నిజం. చంద్రశేఖర్ సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో సౌజన్య అందట: "నువ్వు సెప్పినట్టే నోరిప్పలేదు పిన్నీ."

పద్మ ఆ గుడ్డ మిషన్ సొరుగులో పడేసింది. ఎవరు పిలిచినా ఆసుపత్రికి వెళ్లడం మానేసింది.

ఈ ఏడు సౌజన్యకి మళ్లీ ఎనిమిదో నెల. ప్రైవేటుకి పోయే తాహతు లేదు, మళ్లీ ఆ ఆసుపత్రే. నేను పద్మ ఇంట్లో ఉండగానే వచ్చింది.

"పిన్నీ, నువ్వే రావాల."

"నాను రానమ్మీ. నా చెయ్యి మంచిది కాదు."

"నీ చెయ్యెవలికి కావాల? నీ హిందీ కావాల."

పద్మ మిషన్ ఆపింది. తరవాత స్టూలు ఇటు లాగి, "కూకో. అను, బచ్చా ఆ రహా హై" అంది. బిడ్డ వచ్చేస్తోంది అని. సౌజన్య సణిగింది.

"ఏటది? నా చెవిలో సెప్తన్నావేటి? గట్టిగా!"

నెలరోజులు సాగింది ఆ పాఠం. చివరికి ఒకరోజు ఆ పిల్ల పెట్టిన కేకకి సందు మొగలో పాన్ కొట్టువాడు నిజమే అనుకుని ఆటో ఆపేశాడు.

కాన్పు మంగళవారం పొద్దున్న అయింది. తలుపు బయట నేనూ ఉన్నాను. ఆ పిల్ల కేకలు కారిడార్ చివరిదాకా వినబడ్డాయి. మధ్యలో ఛెళ్లుమన్న చప్పుడూ వినబడింది. పద్మ నా చెయ్యి పట్టుకుంది. కేక మాత్రం ఆగలేదు. ఆ వెనకే బిడ్డ ఏడుపు.

వార్డులోకి తెచ్చాక పద్మ దుప్పటి పక్కకి తీసింది. తొడ మీద నాలుగు వేళ్లు, ఎర్రగా.

"లెగగలవా?"

"ఎక్కడికి పిన్నీ?"

"పెద్ద డాక్టరమ్మ రూముకి. మాసిపోకముందే సూపించాల."

"నాకు సిగ్గు పిన్నీ. తొడ ఎలా సూపిత్తాను?"

"ఇరవయ్యారేళ్లు నానూ అలాగే దాసినాను. పద."

నేను సౌజన్య భుజం కింద చెయ్యి వేశాను. పద్మ బిడ్డనెత్తుకుని ముందు నడిచింది. దారి పొడుగునా బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తూనే ఉంది. చుప్ కరావో అని ఎదురొచ్చిన ఆయా కసిరింది. పద్మ ఊరుకోబెట్టలేదు.