పాత బియ్యం గంజి

హైదరాబాదు ఆసుపత్రిలో పక్క మంచం పిల్లాడిని చూస్తే నాకు ఒళ్లు మండేది. వాడిదీ నా కూతురిదీ ఒకే ఈడు. ఇద్దరికీ పేగు మెలిపడి చాలా భాగం తీసేశారు. ఛాతీలోకి వేసిన సన్నని గొట్టం గుండా నెత్తురులోకే తిండి ఎక్కేది. కానీ వాడి పేగు మెల్లగా దారికొస్తోంది. మా దానిది రావడం లేదు. పైగా లివర్ దెబ్బతిని కళ్లు పచ్చబడ్డాయి. నోట్లో ఏమీ పెట్టొద్దన్నారు, పేగు మార్పిడి గురించి ఆలోచించుకోమన్నారు.

వాడి తల్లిది పినపాక అవతల అడవి పల్లె, మాది దమ్మపేట. ఒకే జిల్లా అని నన్ను అక్కా అనేది. పొద్దున లేస్తూనే "బాబుకి విరేచనాలు ఎలా ఉన్నాయి?" అని అడిగేదాన్ని. నీళ్లలా పోయాడంటే నాకు లోపల చల్లగా ఉండేది. గట్టిపడ్డాయంటే ఆ పూట టీ కూడా సహించేది కాదు.

ఒకరోజు వాడికి నోటితో మెత్తటి గంజి పట్టమన్నారు. ఆమె మాత్రం ఆసుపత్రి వంటింటి నుంచి వచ్చిన గంజి గిన్నె పక్కన పెట్టి కూర్చుంది.

"పట్టవేంటమ్మా? చల్లారిపోతోంది" అన్నాను.

"కొత్త బియ్యమో ఏందో అక్కా. మా ఊర్ల కొత్తల పండుగ ఇంక కాలే. దేవునికి పెట్టకముందు కొత్త పంట ముట్టొద్దు. ఊరంతా ఆగితే వీడొక్కడు ఎట్ల తింటడు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా బిడ్డకు పట్టమని ఎవరైనా అంటే చాలు, గిన్నె లాక్కుని మరీ పట్టేదాన్ని. ఈవిడకేమో పండుగ కావాలట!

అద్దె గదికి వెళ్లి, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యంతో గంజి కాచాను. నర్సుకు చూపించి పిల్లాడి తల్లి చేతిలో పెట్టాను. ప్రేమతో కాదు, చూస్తూ కూర్చోలేక.

"పోయినేడు పండినవి. మా పొలంలోవే. ఇక పట్టు."

ఆమె నవ్వి, చెంచా ఊదింది. పిల్లాడు చప్పరించాడు, మింగాడు, ఇంకా కావాలని ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆ లాగడం చూడలేక నా కూతురి వైపు తిరిగాను.

అది లేచి కూర్చుని, ఆ చెంచానే చూస్తూ నోరు బార్లా తెరిచి ఉంది.

కొంగుతో దాని మూతి తుడిచాను. తుడవడానికి అక్కడేమీ లేదు.