నూనె పూసిన ముద్రరాళ్లు

కువైట్‌లోని అర్దియాలో నేను పనిచేసే ఇంట్లో నన్ను ముట్టవద్దన్న వస్తువు ఒక్కటే. మా యజమానురాలి తండ్రి దాచుకున్న చెక్కపెట్టె. పదకొండేళ్లుగా ఆ ఇంటి తాళాలన్నీ నా చేతుల్లోనే ఉన్నా, ఆ పెట్టె మీద దుమ్ము మాత్రం మామాయే తుడుచుకునేది. మేమంతా యజమానురాలిని మామా అనే పిలుస్తాం.

ఒక ఉదయం టీ తీసుకెళ్లేసరికి ఆమె పెట్టె తెరుచుకుని కూర్చుంది. దూది మీద ఎర్రటి, తేనెరంగు రాళ్లు; ఒక్కోటి చిక్కుడు గింజంత. రోమా రాజ్యం నాటి ఉంగరాల రాళ్లట. ప్రతిదాని మీదా లోతుగా ఒక బొమ్మ చెక్కి ఉంది. ఆ కాలంలో ఉత్తరానికి మైనం పెట్టి ఉంగరంతో అదిమేవారని, ఆ గుర్తును బట్టే పంపింది ఎవరో తెలిసేదని మామా అరబీలో చెప్పింది. గింజ మోసే చీమ అంటే కష్టజీవి. కలిసిన రెండు చేతులంటే పెళ్లిమాట. లంగరు పక్కన చేపను చూడగానే నా మనసు పొంగింది. తొలి విశ్వాసులు ఆ గుర్తు వాడేవారని చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నాను.

ఆ పక్క రాయిలో ఒక స్త్రీ నిలబడి ఉంది. ఒక చేతిలో పండ్లు నిండిన కొమ్ము, ఇంకో చేతిలో పడవ చుక్కాని.

"ఈమె ఎవరు మామా?"

"వాళ్ల అదృష్ట దేవత. మనిషి బతుకును పడవలా తిప్పుతుందని నమ్మేవాళ్లు."

విగ్రహమేనని తెలిసి, ట్రే బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాను.

పిల్లలు ఆడుకునే క్లే మీద ఒక్కో రాయిని అదిమి, ఆ అచ్చుకు ఫొటో తీసి తోబుట్టువులకు పంపాలని మామా ఆశ. కానీ క్లే గీతల్లో ఇరుక్కుని ప్రతి బొమ్మా చిరిగిపోయింది. ఆమె విసుగ్గా పుల్లతో గీకి, పెట్టె మూసేసింది.

శుక్రవారం కువైట్ సిటీలో ఆరాధనకు వెళ్లినప్పుడు, పక్కన కూర్చున్న మా కడప వైపు సంఘపు చెల్లెలికి ఈ సంగతి చెప్పాను.

"ఆ బొమ్మను ఇంట్లో పెట్టుకోని ప్రభు బల్లలో చెయ్యి ఎట్ల పెడతావక్కా?"

"నా ఇల్లా అది?"

"నువ్వు మోకరించేది ఆడనే గదా. ప్రార్థన చేసిన నూనె పూయి. ఒక బొట్టు చాలు, ఎవురికీ తెల్దు."

ఆ వారం నేను ప్రభు బల్లలో పాలు పొందలేదు; రొట్టె పళ్లెం వస్తే పక్కకు అందించేశాను.

ఆదివారం మామా ఆసుపత్రిలో ఉన్న అక్కను చూడడానికి వెళ్లింది. నేను పెట్టె తెరిచి, ప్రార్థించుకుంటూ ఒక్కో రాయికీ వేలితో నూనె రాశాను. చీమ చేసిన తప్పేమీ లేదు గానీ దాన్నీ వదల్లేదు. తుడిస్తే ప్రార్థన కూడా తుడిచినట్టవుతుందని అలాగే ఉంచాను. మూయబోతూ చూస్తే, ప్రతి రాయి చుట్టూ దూది మీద నూనె మరక. మామాకు తెలిస్తే టికెట్ తీసి ఇంటికి పంపేస్తుంది. దాచానా, వచ్చే శుక్రవారం కూడా బల్లకు దూరమే.

రెండు రోజులకు మామా పిలిచింది. పెట్టె తెరిచి ఉంది.

"ఎవరు ముట్టారు?"

"నేనే మామా." నూనె సంగతి, భయం సంగతి, అంతా చెప్పేశాను.

మామా చుక్కాని పట్టుకున్న స్త్రీ ఉన్న రాయిని తీసి క్లే మీద అదిమి, మెల్లగా పైకెత్తింది. రాయి శుభ్రంగా ఊడి వచ్చింది. క్లే మీద కొమ్ములోని పండ్లు కూడా విడివిడిగా కనిపించాయి.

"నాన్న ముక్కు పక్కన వేలు రాసుకుని, ఆ జిడ్డు రాయికి పూసేవాడు," అంది. "మేం ఛీ అని నవ్వేవాళ్లం. అది ఎందుకో ఇప్పుడు తెలిసింది." ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "నన్నడక్కుండా పెట్టె తీశావు, అది నాకు నచ్చలేదు. ఇంకెప్పుడూ అలా చేయకు. అయినా నేను మాత్రం దీనికి మొక్కుతున్నానా? మా ఇస్లాం దీన్‌లోనూ బొమ్మలకు మొక్కం."

ఫొటో తీసుకుని క్లే నా ముందుకు తోసింది. "పిసికెయ్. ఖలాస్."

రోజూ రొట్టెల పిండి పిసికే చేతులు నావి. ఒక్క అదుముకు కొమ్మూ, చుక్కానీ, దేవతా నా బొటనవేలి కింద కలిసిపోయాయి. ప్రధాన యాజకుని రొమ్ము మీది రాళ్లకు కూడా ముద్ర చెక్కినట్టే పేర్లు చెక్కించాడు దేవుడు. బైబిల్లో ఎన్నిసార్లు చదివానో ఆ మాట. భయంలో అది ఒక్కసారీ గుర్తు రాలేదు.

మిగిలిన రాళ్లన్నిటికీ ఆ రోజు మేమిద్దరం కలిసి అచ్చులు తీశాం. ఈసారి నూనె వంటింటి సీసాలోదే.

శుక్రవారం చెల్లెలు నా చెవిలో అడిగింది. "పీడ పోయిందా అక్కా?"

"రాయికి క్లే అంటుకోడం పోయింది."

ఆమె నన్ను వింతగా చూసింది. ఇంతలో రొట్టె పళ్లెం మా వరుసకు వచ్చింది. చెయ్యి చాపాను.