దసరానాడు భోజనానికొచ్చిన మాస్టారు

మొన్న ఆదివారం సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, ఇంటి వెనక పెరట్లో బార్బీ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చుకునే విందు, పెట్టాడు. చికెన్‌కు మా వదిన గుంటూరు కారం దట్టించి ఇస్తే అన్నయ్య ఆ పొగలో దగ్గుతూ ముక్కలు తిప్పుతున్నాడు. అంతలో వాళ్ళబ్బాయి, ఇక్కడే పుట్టినవాడు, తెలుగు అంతా అర్థమవుతుంది గాని నోరు విప్పితే ఇంగ్లీషే, తన ఈడువాడే ఇంకొక కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చి, "డాడ్, దిస్ ఈజ్ మై పార్ట్‌నర్" అన్నాడు. వ్యాపారంలో కాదు, బతుకులో పార్ట్‌నరని అర్థమై నా చేతిలోని పళ్ళెం జారినంత పనైంది. అన్నయ్య మాత్రం ఆ కుర్రాడు కారం తింటాడో లేదో కనుక్కోమని కొడుక్కి చెప్పి మళ్ళీ చికెన్ తిప్పడంలో పడిపోయాడు. వాళ్ళకు ఎప్పుడో తెలుసట. నాకు చెప్పడమే మరిచిపోయారట. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా నాకు చెప్పాలి కదా అని కాస్త ఉక్రోషమొచ్చి, చేయి కడుక్కునే నెపంతో లోపలికి వెళ్ళి కూర్చున్నాను. నా ఈడువాళ్ళతో ఈ కథ చెప్పుకోవాలని అప్పుడే అనిపించింది.

సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండువేలు రాగానే కుప్పకూలుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ భయమే మనవాళ్ళకు పంట పండించింది. అమీర్‌పేటలో ఆ పాత ప్రోగ్రాముల భాష కోబాల్ నేర్చుకున్న వాడల్లా విమానమెక్కాడు, నేనూ ఎక్కాను. అన్నయ్య అప్పటికే సిడ్నీలో కుదురుకుని, వదినను ఇంకా తెచ్చుకోక, వెస్ట్‌మెడ్‌లో ఒక యూనిట్, మన ఫ్లాట్ లాంటిదే, తీసుకుని మాబోటి బ్రహ్మచారులను అందులో చేర్చుకున్నాడు. వంటకు వంతులుండేవి. పోపు పెట్టినప్పుడల్లా పొగ గంట మోగి, కింది అంతస్తు ముసలావిడ మెట్లెక్కి వచ్చేది. ఆ గంటకు స్నానాలప్పుడు తలకు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగి పోపు పెట్టడం అన్నయ్య కనిపెట్టిన విద్య. ఆఫీసులో మా పేర్లు ఎవరి నోటా తిరిగేవి కావు కనుక అందరం కురచపేర్లు పెట్టుకున్నాం. నేను శామ్‌నయ్యాను. ఎవరైనా శామ్ అని పిలిస్తే పక్కవాణ్ణి పిలుస్తున్నారేమోనని తిరిగి చూడటం మానడానికి చాలాకాలం పట్టింది.

ఇక అసలు సంగతి. నా మనసు ఆడవాళ్ళ మీదికి పోదని ఊహ తెలిసినప్పటినుంచీ నాకు తెలుసు. అలాంటివాళ్ళకు మా ఊళ్ళో నేను విన్న మాటలన్నీ తిట్లే, అందుకని నన్ను నేను ఏమని చెప్పుకోవాలో కూడా తెలియకుండానే ముప్ఫైకి దగ్గరపడ్డాను. ఒకనాడు సిటీలో కాఫీ కొట్టులో ఊరికే పంచే పత్రిక ఒకటి తిరగేస్తుంటే, డబ్బుకు తోడుంటామని మగవాళ్ళ కోసం మగవాళ్ళు ఇచ్చుకున్న ప్రకటనలు చివరి పేజీలో కనిపించాయి. ఇంటి ఫోనులో మాట్లాడే ధైర్యం లేక సెంట్రల్ స్టేషన్ దగ్గర ఫోను డబ్బాలోకి దూరి, అవతల మనిషి పలకగానే పెట్టేస్తూ, మళ్ళీ చేస్తూ ఉంటే, చివరికి ఆయనే కంగారు పడవద్దని, తీరిగ్గా మాట్లాడమని అన్నాడు. ఇక్కడ ఆ వృత్తి నేరం కాదని నాకు తెలియదు. పోలీసులు పట్టుకుంటే వీసా ఏమవుతుందోనని వణుకుతూనే శనివారం మధ్యాహ్నం వస్తానని ఒప్పుకున్నాను.

ఎలా వెళ్ళానో వింటే మీరు నవ్వుతారు. ఇంటర్వ్యూకి కొనుక్కున్న చొక్కా, టై వేసుకుని, ఒకరింటికి మొదటిసారి ఉత్తచేతులతో వెళ్ళకూడదని మైసూరుపాక్ డబ్బా పట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర అలవాటుగా బూట్లు విప్పాను. ఆయన నన్నూ, డబ్బానూ, విప్పిన బూట్లనూ మార్చి మార్చి చూసి, నవ్వును అణుచుకుని, అక్కడే నిలబడి ఒక ముక్క తిన్నాడు. నాకంటే ఓ పదేళ్ళు పెద్ద, పల్లెటూళ్ళో గొర్రెల మంద మధ్య పెరిగినవాడు, ముంజేతుల నిండా ఎండమచ్చలు. రేడియోలో క్రికెట్ ఎప్పుడూ మెల్లగా మోగుతూ ఉండేది. మిగతాది మీరు ఊహించుకోగలరు, నేను వర్ణించను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆయన నా తల నిమిరితే నాకు ఏడుపు ఆగలేదు. టీ పెట్టి ఇచ్చి, నా ఏడుపు అయ్యేదాకా క్రికెట్ వింటూ పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత వీలు చిక్కిన శనివారమల్లా వెళ్ళేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయన కూడా నాలాగే బూట్లు గుమ్మం దగ్గర విప్పడం మొదలుపెట్టాడు.

ఒక శనివారం రైళ్ళు నడవక ఆయనే కారులో నన్ను ఇంటి దగ్గర దింపాడు. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న మావాళ్ళు చూడనే చూశారు. ఆ దొర ఎవరంటే, నోటికొచ్చింది చెప్పాను, డ్రైవింగ్ నేర్పే మాస్టారని. వాళ్ళకు అనుమానం రాకపోగా పగలబడి నవ్వారు. నా డ్రైవింగ్ చూసి భయపడి మాస్టారే బండి నడుపుకొచ్చాడని ఇల్లంతా చాటింపు వేశారు. నా ప్రాణం కుదుటపడింది. కానీ గురువంటే మనవాళ్ళకు ఉన్న భక్తి సంగతి నేను మరిచాను. దసరా వస్తోంది, విద్య నేర్పే మనిషికి అన్నం పెట్టకపోతే లైసెన్స్ ఎలా వస్తుందని అన్నయ్య పట్టుబట్టాడు. నేనేదో సాకు చెప్పేలోపే, ఆయన మరోసారి నన్ను దింపినప్పుడు అన్నయ్య కిందికి దిగి వచ్చి, డ్రైవింగ్ మాస్టారు పండగ భోజనానికి రావాలని స్వయంగా పిలిచేశాడు. ఆయన నా మొహం చూసి సంగతి గ్రహించి, తప్పకుండా వస్తానన్నాడు.

పండగనాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఎవరూ చెప్పకముందే గుమ్మంలో బూట్లు విప్పాడు. ఎంత సంస్కారమో చూడండని అన్నయ్య మురిసిపోయాడు. నన్ను శామ్ అని పిలిస్తే అది ఆఫీసు పేరని ఎవరూ పట్టించుకోలేదు. పులిహోర, గారెలు పెట్టాం. అందరూ రివర్స్ పార్కింగ్ గురించి అడిగి ప్రాణం తీస్తుంటే ఆయన తనకు తెలిసినంతలో ఓపిగ్గా చెప్పాడు. భోజనాలయ్యాక అన్నయ్య తన పాత కారుతోపాటు మాస్టారి కారుకూ పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆయన భుజాన కండువా కప్పాడు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మాత్రం తల వంచి, రెండు చేతులూ జోడించి నిలుచున్నాడు.

ఆ భోజనాల దగ్గరే అన్నయ్య ఒక ఫొటో కూడా ఆయనకు చూపించాడు. వదిన చెల్లెలి ఫొటో. ఆ పిల్లను నాకు చేయాలని రెండు వైపుల పెద్దలూ నిశ్చయించుకున్నారు, నా నోటి మాట ఒక్కటే తరువాయి. దీపావళికల్లా సరేననాలి, ఆ రెండువేల సంక్షోభమేదో దాటిపోయాక సెలవు పెట్టి వెళ్ళి తాళి కట్టాలి. అనేద్దామనే అనుకున్నాను. మన తరంలో నాలాంటివాళ్ళు చేసింది అదే కదా. ఆ తర్వాతి శనివారం ఆయనతో ఆ మాటే చెప్పాను. అమ్మ అడుగుతోంది, అన్నయ్య అడుగుతున్నాడు, ఊరంతా అడుగుతోంది అని వాపోయాను. ఆయన రేడియో కట్టేశాడు. తన దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది పెళ్ళి ఉంగరం తీసి జేబులో వేసుకుని వస్తారని, ఇంట్లో ఉన్న ఆ ఆడమనిషి మొహం తను ఎన్నడూ చూడకపోయినా గుర్తొస్తూనే ఉంటుందని అన్నాడు. తర్వాత, నన్ను ఇంతమంది అడుగుతున్నారు సరే, ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా అన్నాడు. అప్పటిదాకా ఆ పిల్ల ఫొటోలో ఉన్న మనిషే గాని, ఆమెకూ ఒక మనసుంటుందని నాకు తట్టనేలేదు.

దీపావళికి ముందు, నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే లాండ్రీలో, యంత్రం తిరుగుతుండగా అన్నయ్యకు చెప్పేశాను. ఈ పిల్లనే కాదు, ఏ పిల్లనూ చేసుకోలేనని, నా మనసు ఆడవాళ్ళ మీదికి పోదని అన్నాను. ఏదైనా జబ్బా అని అడిగాడు, కాదన్నాను. "అయితే ఆయన డ్రైవింగ్ మాస్టారు కాదా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "ఆయన కారుకి నేను కొబ్బరికాయ కొట్టాన్రా" అని మాత్రం అన్నాడు, అంత దిగులుగా అన్నయ్య గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత వారాల తరబడి నాతో మాట్లాడలేదు, అయినా తన వంతు రోజున నాకిష్టమైన గోంగూర చేయడం మానలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ కూలలేదు, మా ఉద్యోగాలు మాత్రం కూలాయి. నాకు ఉత్తరాన ఎక్కడో కొసనున్న డార్విన్‌లో ఆసుపత్రి కంప్యూటర్ల పని దొరికింది. వెళ్ళేముందు మాస్టారిని, నా నోటికి ఆ పిలుపే అలవాటైపోయింది, చివరిసారి కలిశాను. తను కూడా ఈ పని మానేసి తల్లి దగ్గరికి, పల్లెకు పోతున్నానన్నాడు. పెళ్ళి వద్దన్నానని చెబితే భుజం తట్టాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటుంటే, మావాళ్ళు పిలవగా విన్న నా అసలు పేరును వంకరటింకరగా పలికి వీడ్కోలు చెప్పాడు. ఆయన అసలు పేరు అడగాలని నాకు తోచలేదు. ప్రకటనలో ఉన్న పేరు ఆయనది కాదని ఇద్దరికీ తెలుసు.

డార్విన్ వానాకాలంలో చొక్కా ఆరేది కాదు. అక్కడ మందుల విభాగంలో పనిచేసే హైదరాబాదీ మిత్రుడు ఒకడు, సాయిబు, నాలాంటివాడే. అతను ఒకసారి అలాంటి ప్రకటనే చూసి ఫోను చేసి మనిషిని రప్పించుకుంటే, తలుపు తీసేసరికి వచ్చినవాడు ప్రతి శనివారం సంతలో మామిడిపండ్లు అమ్మే మనిషట. ఇద్దరూ సిగ్గుతో చచ్చి, చివరికి బిర్యానీ తిని విడిపోయారట. "గా దినం సంది ఆయన కాడ బేరం ఆడుడు బంద్ జేసిన భాయ్" అని చెబుతుంటే కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాను. ఆ ఊళ్ళో అంతకు ముందెన్నడూ అలా నవ్వలేదు.

ఆ వానల్లోనే వదిన గుంటూరు నుంచి ఫోను చేసింది. "మీ అన్నయ్య ఏదో గొణిగాడు, నేను గుచ్చి అడగలేదులే అబ్బాయ్. మా చెల్లి మాత్రం ఊపిరి పీల్చుకుంది. దానికి ఇంకా చదువుకోవాలనుందంట. దాన్ని మేమెవ్వరం అడగనేలేదు" అంది. ఫోను పెట్టేసి, వెంటనే మాస్టారి సిడ్నీ నంబరు తిప్పాను. ఎవరో తివాచీలు శుభ్రం చేసేవాళ్ళు పలికారు. ఆ నంబరు తమకు కొత్తగా వచ్చిందన్నారు.

ఇప్పుడంతా మారిపోయింది. ఆ ఊరికే పంచే పత్రికలు లేవు, ఫోను డబ్బాలు లేవు. ఇక్కడ ఇష్టపడ్డ మనిషిని చట్టప్రకారం పెళ్ళి చేసుకోవచ్చు, ఆ పెళ్ళికి తల్లిదండ్రులే అక్షింతలు వేయవచ్చు. నేటి పిల్లలను చూస్తే సంతోషమే, కాస్త అసూయ కూడా. తెల్లవార్లూ ఫోన్లు చేసుకునేంత బంధువర్గం ఉండి కూడా, అడగవలసిన ఒక్క ప్రశ్న అడగడానికి నేను ఒక మనిషిని అద్దెకు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ అమ్మాయి, మా వదిన చెల్లెలు, కోరుకున్న చదువు చదివి, ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది, తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది, గట్టిగా నవ్వుతుంది. ఈ కబురు మాస్టారికి చెప్పాలని ఇన్నేళ్ళుగా నాకు కోరిక, కానీ ఏ పేరు పెట్టి వెతకను?