‘బాగున్నానండీ’ అంటే నమ్మని సత్యవతి

నిన్న పొద్దున్న సత్యవతి మనవరాలు ఫోన్ చేసింది.

“మామ్మ ఇంక లేదండీ” అంది.

లేకపోవడమేమిటి, ఏ ఊరు వెళ్ళింది అని అడిగాను. జీవితమంతా పిల్లలకి తెలుగు పాఠం చెప్పిన దాన్ని. ఆ చిన్న మాట తలకెక్కడానికి చాలాసేపు పట్టింది.

నిద్రలోనే వెళ్ళిపోయిందట. నలుగురికీ చెప్పకుండా కూర కూడా వండనిది, ఇదొక్కటి మాత్రం చెప్పకుండా చేసింది.

ఇది చదువుతున్న స్నేహితులారా, మీలో చాలామందికి సత్యవతి అంటే అమలాపురంలో కాఫీ బాగా పెట్టే మామ్మగారు. 1980ల మొదట్లో ఆవిడ రాజోలు వైపు పంచాయతీ సమితి ఆఫీసులో ముఖ్యసేవిక. అంటే ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళ మంచిచెడ్డలు చూసే ఉద్యోగం. నేను అక్కడే హైస్కూల్లో టీచర్ని.

అప్పట్లో మాకు డిప్రెషన్ అంటే బంగాళాఖాతంలో పుట్టి మా మీదకి వచ్చేదే. మనిషి లోపల కూడా పుడుతుందని ఎవరూ అనుకోలేదు.

సత్యవతి అనుకుంది.

“ముసలాళ్ళకి జ్వరమొస్తే డాక్టరున్నాడు. దిగులొస్తే ఎవరున్నారే?” అనేది.

అడగడమే కాదు, ప్రోగ్రామ్ కూడా తయారు చేసింది. ఇంటింటికీ వెళ్ళాలి. నిద్ర, ఆకలి, మనసు ఎలా ఉన్నాయో పెద్దవాళ్ళని అడగాలి. బాగాలేదన్న వాళ్ళని మళ్ళీ మళ్ళీ కలవాలి. బాగున్నామన్న వాళ్ళని వదిలెయ్యాలి.

కాగితం మీద చక్కగా ఉంది. కానీ అడిగేది మర్యాదకి పేరుపడ్డ కోనసీమలో.

ఒక శనివారం నేనూ తోడు వెళ్ళాను. కాలువ వంతెన దాటితే ఒక చిన్న ఊరు. ఆదెమ్మగారని ఒక పెద్దావిడ. కొడుకు మంచివాడు. కోడలు మరీ మంచిది, అత్తగారిని ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టనివ్వదు. “మీరెందుకండీ అత్తయ్యగారూ, కూర్చోండి” అంటుంది. ఆవిడ అలా ఏళ్ళ తరబడి కూర్చునే ఉంది.

“నిద్ర పడుతోందాండీ మామ్మగారూ?”

“ఆయ్, పడతందండీ.”

“మనసులో దిగులేమైనా ఉందాండీ?”

“దిగులెందుకండీ? కొడుకు బంగారం, కోడలు బంగారం. ముందు మీరు కాఫీ పుచ్చుకోండి.”

కోడలు గుమ్మంలోనే నిలబడి వింటోంది. వినక ఎక్కడికి పోతుంది!

మేం లేస్తుంటే ఆదెమ్మగారు సత్యవతి మణికట్టు పట్టుకుంది.

“మళ్ళీ ఎప్పుడొస్తారండీ అమ్మాయిగారూ?”

సత్యవతి నవ్వింది. “మీకేమండీ, నిక్షేపంలా ఉన్నారు! మీ ఇంటికి ఇంక రానక్కర్లేదు” అంది. మెచ్చుకోలుగానే అంది.

ఆవిడ కూడా నవ్వి చెయ్యి వదిలేసింది.

ఆ తరువాతి వారంలోనే ఆదెమ్మగారు కాలువలో తేలింది.

రేవులో కాలు జారిందన్నారు. నీళ్ళకి వెళ్ళిందన్నారు. అయ్యుండవచ్చు.

బిందె మాత్రం ఇంట్లోనే ఉంది.

ఆ మాట సత్యవతి నాతో ఒక్కసారే అంది. ఇక ఎప్పుడూ అనలేదు. కానీ బస్సులో ఆ కాలువ వంతెన మీదకి వచ్చేసరికి చెబుతున్న మాట మధ్యలో ఆపేసేది. వంతెన దాటాక కూడా ఆ మాట పూర్తి చేసేది కాదు. ఆమెతో ఎన్ని ప్రయాణాలు చేశానో, అన్ని సగం మాటలు ఇప్పటికీ నా దగ్గర ఉండిపోయాయి.

తన ప్రోగ్రామ్‌ని తనే చింపేసి కొత్తది రాసింది. ప్రశ్నలు అడగకూడదు. పని పట్టుకుని వెళ్ళాలి. చింతపండు గింజలు తియ్యమనో, చిక్కుడుకాయలు ఒలవమనో వాళ్ళనే సాయం అడగాలి. పక్కన కూర్చోవాలి. చేతులు ఆడుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఇంట్లోవాళ్ళు దగ్గరుండకూడదు. మళ్ళీ ఎప్పుడొచ్చేదీ చెప్పకుండా గుమ్మం దిగకూడదు.

పై ఆఫీసరు చదివి పకపకా నవ్వాడు.

“ఇది ప్రోగ్రామా అమ్మా, పేరంటమా?”

“పేరంటమేనండీ. కాకపోతే విధవల్ని కూడా పిలిచే పేరంటం.”

“బాగుంది. ఈ చింతపండు ఏ పద్దులో రాయమంటారు?”

“మందుల పద్దులో రాయండి సార్.”

శాంక్షన్ కాలేదని వేరే చెప్పాలా! సత్యవతి ఆగలేదు. మహిళా మండలి ఆడవాళ్ళని వెంటేసుకుని ట్రాన్స్‌ఫర్ అయ్యేవరకూ నడిపింది. “ఆయ్, బాగున్నామండీ” తప్ప ఏమీ పలకని వాళ్ళు మూడోసారికో నాలుగోసారికో చింతపండు మీద కన్నీళ్ళు కార్చడం నేను చూశాను. ఆ చింతపండుతో చారు కూడా పెట్టుకున్నాం. ఉప్పు తక్కువే వేశాం.

ఎంతమంది తేరుకున్నా సత్యవతి లెక్క మాత్రం ఒక్కరి దగ్గరే ఆగిపోయింది. తనకి ఎనభై దాటాక కూడా ఎవరైనా “బాగున్నానండీ” అంటే మొహం కేసి కాదు, చేతుల కేసి చూసేది.

రెండేళ్ళ క్రితం మావారు పోయినప్పుడు మీరందరూ ఫోన్లు చేశారు. ఎలా ఉన్నారని అడిగారు. బాగున్నానన్నాను. మీరు నమ్మారు. మర్యాదస్తులు.

సత్యవతి మాత్రం సంచీ నిండా చిక్కుడుకాయలతో వచ్చింది. “నాకు కళ్ళు ఆనడం లేదే, ఈనెలు తీసిపెట్టు” అంది. అబద్ధాలకోరు. నెల ముందే ఆపరేషన్ చేయించుకుని, పేపర్లో చిన్నక్షరాలు కూడా చదువుతోంది.

ఆ రోజు నేనేమీ మాట్లాడలేదు. వచ్చే ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళింది. వచ్చింది. ఆ పై ఆదివారం మాట్లాడాను. ఇంక ఆపలేకపోయాను.

అప్పటినుంచి ఏ ఆదివారమూ తప్పలేదు.

మీలో ఎవరింట్లోనైనా మాట తగ్గిపోయిన పెద్దవాళ్ళుంటే దయచేసి “కూర్చోండి” అనకండి. “ఎలా ఉన్నారు” అని కూడా అడగకండి. ఏదో ఒక పని చెప్పి పక్కన మీరు కూర్చోండి. సత్యవతి ప్రోగ్రామ్ మొత్తం ఇంతే. శాంక్షన్ అక్కర్లేదు.

వెళ్ళు సత్యవతీ. అక్కడ ఆదెమ్మగారు కనిపిస్తే ఏమీ అడగకు, పక్కన కూర్చో. ఈసారి లేవాల్సిన పని లేదు. నీ మనసు ఇకనైనా కుదుటపడాలి తల్లీ.