వాన అని రాసిన రోజులు

మా మావయ్య మీద నాకున్న కోపం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆయన ఎదురుపడితే ఇప్పటికీ "కాఫీ తాగుతారా మావయ్యా" అనే అడుగుతాను. ఇలా కాగితం మీద కూడా "అన్నాడు" అని రాయడానికి చెయ్యి రాదు, "అన్నారు" అనే రాస్తాను. మమ్మల్ని అలా పెంచేరు. మా కోనసీమలో మర్యాద ఎక్కువంటారు. ఆ మర్యాదే మా నాన్నని చంపబోయింది.

నాన్న కొబ్బరికాయలు ఒలుస్తారు. నేలలో పాతిన ఇనప గునపం మీద కాయ గుచ్చి, రెండు చేతులా తిప్పి, పైనున్న పీచు డొక్క ఊడదీయాలి. చెయ్యి వణికిందా, గునపం అరచేతిలో దిగుతుంది. అందుకని పొద్దున్నే పనికి బయల్దేరే ముందు, చేతులు నిలబడడానికని, ఒక క్వార్టర్ తాగేవారు. అది పని కోసమేనని అమ్మ నమ్మింది. తాగి తాగే ఆ చేతులకి వణుకు వచ్చిందని మాకెవరూ చెప్పలేదు. సాయంత్రం మళ్ళీ తాగేవారు. దానికి కారణమేమీ అక్కర్లేదు.

ఇంట్లో మాత్రం తాగుడు అన్న మాట వినబడేది కాదు. "ఆయనకి కొంచెం అలవాటుందండి" అనేది అమ్మ, అదేదో మధ్యాహ్నం కునుకు తీసే అలవాటైనట్టు. గిన్నెలు గోడకి కొట్టిన మర్నాడు పక్కింటావిడ అడిగితే "ఆయ్, నిన్న కొంచెం ఒంట్లో బాగోలేదండి ఆయనకి" అనేది. ఆవిడ కూడా ఎంతో మర్యాదగా నమ్మేసేది.

నేనేమన్నా తక్కువా? పదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. అమ్మ చదువుతుందేమోనని భయం. అందుకని నాన్న తాగొచ్చిన రోజున పైన "వాన" అని రాసేదాన్ని. ఎక్కువైన రోజున "పెద్ద వాన". కొట్టిన రోజున "ఉరుములు". ఇప్పుడు ఆ పుస్తకాలు తీసి చూస్తే నడి వేసవిలో, ఊళ్ళో కాలవలు కట్టేసిన రోజుల్లో, మా ఇంట్లో ఒక్కటే వాన.

మాన్పించడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. అమ్మ ఏడు శనివారాలు వాడపల్లి గుడికి వెళ్ళి ప్రదక్షిణలు చేసింది, ఎండలో, చెప్పుల్లేకుండా. దేవుడి మీద నాకు కోపం లేదు. నాన్న మాత్రం ఆ ఏడు శనివారాలూ పనికి సెలవు పెట్టి మరీ తాగేరు. తర్వాత ఎవరో ఇచ్చిన ఆకు పసరు. ఆ తర్వాత నేను ఫోన్లో వెతకడం మొదలుపెట్టేను. మొదట కనిపించినవన్నీ పొడులే. "వారికి తెలియకుండా కూరలో కలపండి" అని. ఆ పొడిలో ఏముందో ఎక్కడా రాయరు. ఇంకోచోట, మూడు నెలలు తాళం వేసి ఉంచుతాం, ఇంట్లోవాళ్ళు చూడ్డానికి రాకూడదు అన్నారు. వెతగ్గా వెతగ్గా తెలిసింది, ఇది జబ్బేననీ, ప్రభుత్వాసుపత్రుల్లో కూడా మానసిక వైద్యులు దీనికి వైద్యం చేస్తారనీ. దాని కిందే ఇంకో మాట ఉంది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయం.

అది డైరీలో రాసుకున్నాను. ఎర్ర పెన్నుతో గీత కూడా గీసేను. అమ్మకి ఆసుపత్రి సంగతి ఒక్కటే చెప్పేను. అమ్మ తన అన్నయ్యకి చెప్పింది.

మావయ్య మా ఊరి గురుస్వామి. ఏటా కార్తీకంలో ఆయన చేత్తో మాల వేయించుకునేవాళ్ళు పాతికమందైనా ఉంటారు. వింటూనే నవ్వేరు. "పిచ్చి డాక్టరు దగ్గరికా? బావకి పిచ్చేంటే? మాల వేయిద్దాం. నలభై ఒక్క రోజులు ఎలా ముట్టుకుంటాడో నేను చూస్తాను. ఎంతమందిని మాన్పించలేదు!"

నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎర్ర గీత గీసిన మాట నోటిదాకా వచ్చింది.

"ఏంటమ్మా, ఏదో అనబోతున్నావు?"

"ఏం లేదు మావయ్యా."

ఈ కథలో అందరి మీదా కోపం ఉంది నాకు. అందరికంటే ఎక్కువ ఆ "ఏం లేదు" మీద.

నాన్న మాల వేసుకున్నారు. నల్లబట్టలు, విభూది, తెల్లవారుజామున కాలవలో స్నానం. ఇంట్లో అందరం ఆయన్ని "స్వామీ" అని పిలవాలి. మొదటి రోజు బాగానే ఉన్నారు. రెండోరోజు అన్నం కలపలేకపోయేరు, ముద్ద జారిపోయింది. "కన్నెస్వామి కదా, దీక్ష కొత్త" అన్నారు మావయ్య. మూడోరోజు పొద్దున్న స్వాములందరి పూజలో నాన్నకి ఒళ్ళంతా చెమటలు, వణుకు. గోడకేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నారు. పంచె మీంచి ఏదో దులుపుకుంటున్నారు.

"స్వామి ఒంటిమీదికొచ్చేరు!" అన్నారెవరో.

అంతే. హారతి వెలిగించేరు. శరణుఘోష మొదలైంది. జనం వచ్చి కాళ్ళమీద పడుతున్నారు. ఒక ముసలావిడ చేతులు జోడించి, "స్వామీ, మా అబ్బాయికి కువైట్ వీసా ఎప్పుడొస్తుంది స్వామీ?" అని అడిగింది.

నాన్న పంచె దులుపుకుంటూ, "చీమలు... చీమలు..." అన్నారు.

"చీమలంటే బారు కట్టి పోయేవి కదా! నలుగురితో కలిసి విమానం ఎక్కుతాడన్నమాట" అని మావయ్య అర్థం చెప్పేరు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మా నాన్న చచ్చిపోతున్నారు, వాళ్ళు వీసాలు అడుగుతున్నారు. నాకు తెలుసు. ఆ గుంపు మొత్తంలో ఒక్క నాకే తెలుసు. నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. నాన్న విరుచుకు పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట్లోంచి నురగ వచ్చేదాకా నిలబడే ఉన్నాను.

ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళేం. పిన్న వయసు డాక్టరు, అడగాల్సిన ప్రశ్నే అడిగేరు. "అలవాట్లేమైనా ఉన్నాయా అమ్మా?"

"అయ్యో, మాలలో ఉన్నారండీ" అంది అమ్మ.

ఆయన నల్లబట్టలు చూసేరు, మెళ్ళో రుద్రాక్షలు చూసేరు, తల ఊపి రాసుకున్నారు. జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చేయేమో అంటున్నారు నర్సుతో. నా సంచీలో డైరీ ఉంది. తీసి ఇచ్చేద్దామనుకున్నాను, నోరు విప్పక్కర్లేకుండా. తెరిచేను. వాన. వాన. పెద్ద వాన. ఏడేళ్ళు రాసిన పుస్తకాల్లో మా నాన్న తాగుతారన్న మాట ఒక్కటి లేదు.

చివరి పేజీ చింపి, గోడకి ఆనించి రాసేను. "మా నాన్న రోజూ తాగుతారు. పొద్దున్నే మొదలుపెడతారు. మూడు రోజుల క్రితం ఒక్కసారిగా ఆపించేరు." ఆయన చేతికిచ్చేను.

ఆయన చదివి నాకేసి చూసిన చూపు మర్చిపోను. "ఇది ముందు చెప్పాలి కదమ్మా!" అని కసిరి, నర్సుని కేకేసేరు. రాసిన మందులు కొట్టేసి వేరేవి రాసేరు. అమ్మ నా మోచెయ్యి గిల్లింది, "పరువు తీసేవు కదే" అని. గిల్లిన చోట నాలుగు రోజులు నల్లగా ఉంది.

నాన్నకి తెలివొచ్చేక మావయ్య ప్రసాదం పట్టుకుని వార్డుకొచ్చేరు. "చూసేవా చెల్లాయ్, స్వామి ఎలా కాపాడేడో" అన్నారు.

"ఆ ముసలావిడ కొడుక్కి వీసా వచ్చిందా మావయ్యా?" అన్నాను.

"ఏ వీసా అమ్మా?"

"చీమలు చెప్పిన వీసా."

ఆయన ప్రసాదం బల్లమీద పెట్టి వెళ్ళిపోయేరు. నా జన్మలో ఎవరితోనైనా ఎదురు మాట్లాడింది అదే.

అక్కణ్ణించి మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపేరు. ఆవిడ నాన్నని ఎందుకు తాగుతావని అడగలేదు. ఏ వేళకి నాలిక పీకుతుందని అడిగేరు. "పొద్దున్నేనండి, గునపం చూడగానే" అన్నారు నాన్న. ఇరవై ఏళ్ళలో ఆయన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. మాత్రలు ఇచ్చేరు, ఆయనకి తెలిసే, ఆయన ఒప్పుకునే. పదిహేను రోజులకోసారి వచ్చి మాట్లాడాలన్నారు.

రెండు నెలలు బాగా గడిచేయి. మొన్న మంగళవారం నాన్న తాగొచ్చేరు.

"డాక్టరమ్మకి చెప్పకు, ఆవిడేమనుకుంటుంది" అంది అమ్మ. నేనెలాగూ చెప్పనని నాన్న ధీమా.

వాయిదా రోజున ఆసుపత్రి గదిలో డాక్టరమ్మ అడిగేరు, "ఈ పదిహేను రోజుల్లో ఏమైనా తాగేరా?"

"ఆయ్, బానే ఉందండి" అన్నారు నాన్న.

నేను డైరీ తెరిచి నాన్న ముందు పెట్టేను. ఆయన వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా కూడబలుక్కుని పైకి చదివేరు. "మంగళవారం. నాన్న తాగేరు. వాన లేదు."

డాక్టరమ్మ రాసుకుంటున్నారు. నాన్న నాకేసి తిరిగి, "వానేంటమ్మా?" అని అడిగేరు.

నేను పాత పేజీలకి తిప్పేను. పుస్తకం వెనక్కి తీసుకోలేదు.