రాణి తిరిగొచ్చే చోటు

ఆళ్లగడ్డలో ప్రభుదాసు సారుకు కోపం తెప్పించడం చాలా తేలిక. ఆయన తేనెపెట్టె దగ్గర నిలబడి, మీ రాజు ఈగ ఎట్లుంది సార్ అని అడిగితే చాలు. రాజు కాదు రాణి అనీ, మగ ఈగలు ఒక్క పనీ చెయ్యవనీ, రాణితో గాలిలో జతకట్టిన వెంటనే చచ్చిపోతాయనీ ఏడేళ్లుగా నోరు నొప్పి పుట్టేలా చెబుతున్నాడు. బడిపిల్లలకైతే బోర్డు మీద బొమ్మే గీశాడు. అయినా మర్నాడు మళ్లీ రాజు ఈగే.

డెబ్బై ఆరులో నంద్యాల నుంచి బస్సు టాపు మీద తెచ్చుకున్న పెట్టెలు నాలుగు. పత్తికి కొట్టిన మందు దెబ్బకు మూడు ఖాళీ అయ్యాయి. ఎనభై మూడులో ఆ మిగిలిన ఒక్కదాంట్లోనూ ముసలి రాణి చచ్చిపోయింది. ఈగలు ఐదు కొత్త రాణుల్ని పెంచాయి. ముందు బయటపడ్డది తక్కిన నాలుగింటినీ గూళ్లలోనే కుట్టి చంపింది. తోడబుట్టినవే, అయినా అంతే. ఇక అది మధ్యాహ్నం పూట ఎగిరిపోయి, వేరే పట్టుల మగ ఈగలతో జతకట్టి, క్షేమంగా పెట్టెకు చేరాలి. చేరకపోతే ఇంకో రాణిని చేసుకోవడానికి లేత పురుగు ఒక్కటీ లేదు. ఈగలు గుర్తుపెట్టుకునేది చోటునే గనక పెట్టెను జానెడు కూడా జరపొద్దని సారు భార్య లూదియాకు పదిసార్లు చెప్పాడు.

ఆ ఆదివారం మూడింటికి వాళ్ల ఇంటి ముందు ప్రార్థన కూటం. సారు జంపఖానాల కోసం చర్చికి వెళ్లి వచ్చేసరికి పెట్టె లేదు. ఆ చోట కుర్చీలో పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేశారు. ఆయన తల చుట్టూ ఈగలు దారి తెలియక తిరుగుతున్నాయి.

"ఎందుకు జరిపినావు?" అన్నాడు సారు పళ్ల బిగువున.

"అయ్యగారిని కుడతాయని దొడ్లో పెట్టినా. అయినాక పెడదాంలే" అంది లూదియా.

రాణి బయటికి వెళ్లి ఉంటే తిరిగొచ్చేది ఈ కుర్చీ దగ్గరికే. పాస్టరుగారేమో వానల కోసం, జబ్బుపడ్డవాళ్ల కోసం, బస్సు ప్రయాణికుల కోసం కూడా తీరిగ్గా ప్రార్థిస్తున్నారు. అందరూ కళ్లు మూసుకుంటే సారు ఒక్కడే తెరిచి ఉడికిపోయాడు. ఆమెన్ అనగానే పాస్టరుగారిని లేపి పెట్టెను తెచ్చి అక్కడ పెట్టాడు. లోపల ఎంత వెతికినా రాణి కనబడలేదు.

వారం రోజులు ఆయన ఇంట్లో మాట్లాడలేదు. లూదియా ఉపవాసాలుండి ఏడ్చింది. మూడో వారం తనే మూత తీసి చూసి, గుడ్లు కనబడగానే నేరుగా చర్చికి వెళ్లి, దేవుడు రాణిని తిరిగి పంపాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది.

ఆమె తిరిగొచ్చేలోగా సారు పెట్టెలోంచి పట్టు ఉన్న చెక్క చట్టం ఎత్తి చూశాడు. రాణి అయితే ఒక్కో గదికి ఒక్క గుడ్డే, సరిగ్గా అడుగున పెడుతుంది. ఇక్కడ గదికి మూడు, నాలుగు, గోడలకంటుకుని ఉన్నాయి. రాణి లేదని తెలిసి కూలి ఈగలు పోటీపడి పెట్టిన గుడ్లవి. అవి మగజత ఎరుగవు గనక వాటికి పుట్టేవన్నీ మగ ఈగలే. కూర్చుని తినేవే గానీ తెచ్చిపెట్టేది ఒక్కటీ ఉండదు. నెల తిరిగేసరికి ఈ పెట్టె కూడా ఖాళీయే.

లూదియా వచ్చి వెనక నిలబడింది. తల మీద ముసుగు ఇంకా తీయలేదు.

"నా కండ్లతో జూసినా. శానా ఉండాయి గదా?"

ఏడేళ్లుగా ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి చట్టాన్ని మెల్లగా దించి మూత పెట్టాడు.

"శానా ఉండాయి" అన్నాడు.